రోమా 3:26: దోషిని విడిచిపెట్టిన దేవుడు నీతిమంతుడెలా అవుతాడు? (బైబిల్ క్లాసు కోసం)

#1 సందేహాల_సంచి
అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం యవ్వనస్థుల బైబిల్ క్లాసులో రోమా 3:21-26 చెప్పాలి. దేవుడు తాను నీతిమంతుడిగా ఉంటూనే యేసును నమ్మినవాణ్ణి నీతిమంతుడిగా తీరుస్తాడనే భాగం అది. అంతా డిగ్రీ చదివేవాళ్లు, అందులో ఇద్దరు లా. పాఠం ఏమిటో తెలిసి ముందే రెండు ప్రశ్నలు పంపారు, తప్పించుకునే దారి లేకుండా.

ఒకటి: "దుష్టులు నిర్దోషులని తీర్పు తీర్చువాడు" యెహోవాకు హేయుడని సామెతలు 17:15 అంటుంది. రోమా 4:5కి వస్తే దేవుడే "భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చువాడు". మనిషి చేస్తే హేయం, దేవుడు చేస్తే సువార్తా?

రెండు: ఒకడి నేరానికి ఏ తప్పూ చేయని ఇంకొకడిని శిక్షిస్తే అది న్యాయమెలా అవుతుంది?

"జడ్జిగారే కుర్చీ దిగి వచ్చి ముద్దాయి జరిమానా కట్టేశారు" అని చెబుతుంటారు కదా, ఆ ఉదాహరణతో గట్టెక్కుతామా? క్లాసు గంటసేపు.

#2 కోర్టుహాలు_బెంచీ
గట్టెక్కరు. లా పిల్లల ముందు ఆ ఉదాహరణ అసలే వద్దు. అది ఎక్కడెక్కడ విరుగుతుందో చెబుతాను.

జరిమానా అంటే డబ్బు. ఎవరి జేబులోంచి వచ్చినా కోర్టు రసీదు ఇస్తుంది. జైలు శిక్ష అలా కాదు. అన్నకు బదులు తమ్ముడు వెళ్లి లోపల కూర్చుంటానంటే జైలరు గేటు తీయడు. రోమా పత్రిక రాసిన పౌలు మాట్లాడుతున్నది జరిమానా గురించి కాదు, మరణశిక్ష గురించి (రోమా 1:32, 6:23). డబ్బు బాకీకి పనిచేసే తర్కాన్ని తెచ్చి ప్రాణానికి అతికిస్తే ఆ అతుకు మొదటి ప్రశ్నకే ఊడిపోతుంది.

ఇంకొకటి. జరిమానా సర్కారు ఖాతాలో పడుతుంది. దెబ్బ తిన్నవాడు ఆ కథలో ఎక్కడున్నాడు? ఎక్కడా లేడు. జడ్జిగారు మంచివారని నిరూపణ అయింది, ముద్దాయి ఇంటికి వెళ్లాడు, చెయ్యి విరిగినవాడు కోర్టు బయట అలాగే నిలబడి ఉన్నాడు. ఆ కథ అసలు లోపం ఇదేనని నా అభిప్రాయం.

"రాష్ట్రపతి క్షమాభిక్ష" ఉదాహరణ కూడా చెబుతుంటారు. రాజ్యాంగం 72వ అధికరణం రాష్ట్రపతికి, 161వ అధికరణం గవర్నరుకు ఆ అధికారం ఇచ్చాయి. కానీ కేహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: క్షమాభిక్ష పెట్టినా రాష్ట్రపతి కోర్టు రికార్డును దిద్దడు, శిక్ష సంగతి మాత్రమే చూస్తాడు. పౌలు వాడిన మాట అంతకంటే పెద్దది. శిక్ష తగ్గించడం కాదు, తీర్పే "నీతిమంతుడు" అని రావడం. క్షమాభిక్ష ఉదాహరణ ఆ ఎత్తుకు అందదు.

#3 మూలభాష
బెంచీ గారు చెప్పినవి నిజమే. ఉదాహరణ వెతికే ముందు మాటలు సరిచూసుకుంటే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. మన తెలుగు బైబిల్లో మూడు మాటలు చూడండి.

"నీతి". మన చెవికి అది నీతి కథల నీతి, అంటే మంచి నడవడి. పౌలు వాడిన గ్రీకు మాట దికాయొసూనే. అందులో న్యాయం, ధర్మం, మాట తప్పకపోవడం మూడూ ఉన్నాయి. "తన నీతిని కనువరచవలెనని" అన్నచోట "దేవుడు మంచివాడని చూపించడానికి" అని చదివితే వాక్యం చప్పబడిపోతుంది. "దేవుడు న్యాయం తప్పలేదని చూపించడానికి" అని చదవండి. వెంటనే ముందున్న ముక్క వెలుగుతుంది: "పూర్వము చేయబడిన పాపములను దేవుడు తన ఓరిమివలన ఉపేక్షించినందున". పౌలును నిద్రపోనివ్వని ప్రశ్న మనది కాదు. ప్రేమగల దేవుడు ఎలా శిక్షిస్తాడని మనం అడుగుతాం. న్యాయంగల దేవుడు ఇన్నాళ్లూ ఎలా ఊరుకున్నాడని ఆయన అడుగుతున్నాడు. దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్య బత్షెబ కోసం అతన్ని చంపించి ముప్పై చిల్లర ఏళ్లు సింహాసనం మీద కూర్చున్నాడనుకుంటే పొరపాటు గానీ, ఆ తర్వాత కూడా రాజుగానే చనిపోయాడు. అదెలా? మీ పిల్లల మొదటి ప్రశ్న పౌలు ప్రశ్నే. అడిగినందుకు మెచ్చుకోండి.

"తీర్చు". ఇది మన భాష చేసిన మేలు. తీర్పు తీర్చడం, తీర్చిదిద్దడం, అప్పు తీర్చడం అన్నిటికీ ఒకే క్రియ. "నీతిమంతునిగా తీర్చు" అన్నప్పుడు మొదటిది వినాలా, రెండోది వినాలా అన్నదే 16వ శతాబ్దంలో కతోలికులకూ సంస్కర్తలకూ మధ్య గొడవ. గ్రీకు దికాయొ ప్రధానంగా కోర్టు మాట, తీర్పు చెప్పడం.

"కరుణాధారము". గ్రీకులో హిలాస్తేరియోన్. ఇదే మాట హెబ్రీ 9:5లో వస్తే మన అనువాదకులు "కరుణాపీఠము" అన్నారు. అంటే ఆజ్ఞల పలకలు ఉంచిన మందసం మీది బంగారు మూత. నిర్గమ 25లో కొలతలున్నాయి, పొడవు రెండున్నర మూరలు, వెడల్పు మూరన్నర. ఇదే కుటుంబపు ఇంకో మాట 1 యోహాను 2:2లో "శాంతికరము", 4:10లో "ప్రాయశ్చిత్తము" అయింది. ఒక మాట కుటుంబానికి తెలుగులో నాలుగు వేషాలు. పిల్లలకు ఆ నాలుగు వచనాలు పక్కపక్కన రాసి చూపించండి.

#4 సందేహాల_సంచి
మూలభాష గారూ, ఆ మూత మీద ఏం జరిగేదో కాస్త వివరంగా చెప్పరా? బంగారు మూత అంటే పిల్లలకు నగలపెట్టె గుర్తొస్తుంది.

#5 మూలభాష
లేవీయకాండము 16. ఏడాదికి ఒక్కరోజు, ఏడో నెల పదో తారీఖు. ప్రధాన యాజకుడు ఆ రోజు మామూలు ఆడంబరపు బట్టలు వేసుకోడు, నారబట్టలే. ముందు తన కోసం, తన ఇంటివాళ్ల కోసం కోడె. ధూపార్తి నిండా నిప్పులు, రెండు పిడికిళ్ల ధూపం. ఆ పొగ మూతను కమ్మాలి, లేకపోతే ఆయన చస్తాడు. కోడె రక్తం వేలితో మూత మీద తూర్పువైపు చిలకరిస్తాడు, మూతకు ఎదురుగా ఏడుసార్లు. తర్వాత ప్రజల కోసం మేక, అదే పద్ధతి.

మేకలు రెండు, చీట్లు వేస్తారు. ఒకటి వధ. రెండోది "విడిచిపెట్టే మేక": యాజకుడు రెండు చేతులూ దాని తలమీద పెట్టి ఇశ్రాయేలీయుల దోషాలన్నీ ఒప్పుకుంటాడు, దాన్ని అరణ్యంలోకి తోలేస్తారు.

పాపం చేతులు మారి మోయబడటం ఈ రెండో మేక దగ్గర కనిపిస్తుంది, అది చావదు (ఆ అధ్యాయంలోనైతే). చచ్చిన మేక రక్తం మనిషి మీద కాదు, గుడారం మీద, పీఠం మీద పడుతుంది. శుభ్రపరిచేది స్థలాన్ని. "మేకను మన బదులు శిక్షించారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ అధ్యాయంలో సగం పారేసినట్టే.

పైన నా వాక్యం ఒకటి గందరగోళంగా పడింది. దావీదు మొత్తం ఏలిన కాలం 40 ఏళ్లు (1 రాజులు 2:11). ఊరియా సంగతి తర్వాత ఎన్నేళ్లో అక్కడ లెక్క లేదు, "ముప్పై చిల్లర" కొట్టేయండి.

#6 వరంగల్_శ్రీసభ
తీర్చు అనే క్రియ గురించి మూలభాష గారి మాట బాగుంది. కతోలికుల తరఫున ఒక ముక్క. 1547లో ట్రెంట్ మహాసభ చెప్పింది ఇదే: నీతిమంతుడిగా తీర్చబడటం అంటే పాపం కొట్టేయడం ఒక్కటే కాదు, లోపలి మనిషి కొత్తవాడు కావడం కూడా. అంటే తీర్పూ, తీర్చిదిద్దడమూ కలిసే. ఇలా చూస్తే మొదటి ప్రశ్న వాడి కొంత తగ్గుతుంది. దేవుడు చెడ్డవాణ్ణి చూసి మంచివాడని అబద్ధం చెప్పడం లేదు, ఆయన మాట అన్నదాన్ని అయ్యేటట్టు చేస్తుంది.

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక శ్రీసభ ఈ విషయం మీద ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు కలిశాయి. గుంటూరు లూథరన్ అయ్యగార్లకీ మా ఫాదర్లకీ ఇప్పుడు ఈ ఒక్క అంశం మీద ఒకప్పటంత దూరం లేదు. మిగతావి చాలానే ఉన్నాయి లెండి.

#7 కోర్టుహాలు_బెంచీ
లా విద్యార్థి వెంటనే అడుగుతాడు: "తర్వాత మంచివాడవుతాడని ఇప్పుడే నిర్దోషి అంటారా? అయితే నిన్నటి హత్య సంగతి?" తీర్చిదిద్దడం రేపటికి జవాబు. నిన్నటికి ఇంకేదో కావాలి.

#8 గోదారి_గట్టు
నేను క్రైస్తవుణ్ణి కాదు, ఈ వేదిక చదువుతుంటాను. రెండు మాటలు, నొప్పించడానికి కాదు.

మీ "ప్రాయశ్చిత్తం" మా ధర్మశాస్త్రాల మాట. మాకు దాని అర్థంలో సందేహం లేదు: తప్పు చేసినవాడే చేసుకోవాలి. చాంద్రాయణమే చూడండి. పున్నమినాడు 15 ముద్దలు, రోజుకొకటి తగ్గిస్తూ అమావాస్యకు ఉపవాసం, మళ్లీ ఒక్కొక్కటి పెంచుతూ పున్నమికి 15. మా ఇంటాయన తప్పుకు పక్కింటాయన ఉపవాసం ఉంటే అది ప్రాయశ్చిత్తం కాదు, ఆకలి. అందుకే మీ వాక్యం వినగానే మాకు అడ్డుతగిలేది అక్కడే. ఎవరి కర్మకు వారే బాధ్యులు అనేది ఇంతకంటే న్యాయంగా లేదా?

#9 సందేహాల_సంచి
గోదారి గారూ, మా పుస్తకంలోనే మీ పక్షం ఉంది. యెహెజ్కేలు 18:20, పాపం చేసినవాడే చస్తాడు, తండ్రి దోషం కొడుకు మోయడు. ఇంకా గట్టిది నిర్గమ 32: జనం బంగారు దూడను పూజించాక మోషే వాళ్ల తరఫున "లేకపోతే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్" అంటాడు. దేవుడు ఒప్పుకోడు. నా ఎదుట పాపం చేసినవాణ్ణే తుడిచేస్తానంటాడు. కీర్తన 49:7 కూడా ఎవడూ తన సహోదరుణ్ణి విమోచించలేడంటుంది.

మరి మోషేకు కుదరనిది యేసుకు ఎలా కుదిరింది? క్లాసులో ఇది తప్పకుండా వస్తుంది.

#10 మూలభాష
ఈ దారంలో ఇంతవరకు వచ్చిన అన్నిటికంటే మంచి ప్రశ్న ఇది.

గోదారి గట్టు గారికి ముందు. మీరు చెప్పిన తేడా నిజం, మా అనువాదకులు ఆ మాట ఎత్తుకున్నప్పుడు దాని వెనకున్న అర్థం కూడా వెంట వచ్చింది. బైబిల్లో దిక్కు వేరు. లేవీ 17:11లో రక్తం గురించి దేవుడు "దానిని మీకిచ్చితిని" అంటాడు. మనిషి దేవుడికి ఇచ్చేది కాదు, దేవుడు మనిషికి ఇచ్చింది. 1 యోహాను 4:10 కూడా అంతే, తానే పంపాడు. చాంద్రాయణం కింది నుంచి పైకి, ఇది పై నుంచి కిందికి.

ఇక మోషే. ఆయన మూడో మనిషి. దేవుడు ఒకవైపు, జనం ఒకవైపు, మధ్యలో ఇంకొకడు. మూడో మనిషి మీద శిక్ష వేస్తే అది అన్యాయమే, బైబిల్ దాన్ని నిరాకరిస్తుంది. సిలువను మూడో మనిషి కథగా చెప్పినప్పుడల్లా (కోపిష్టి తండ్రి, నడుమ దొరికిపోయిన కొడుకు) మనం బైబిల్ నిరాకరించినదాన్నే బోధిస్తున్నాం. 2 కొరింథీ 5:19 చెప్పేది దేవుడే క్రీస్తులో ఉండి సమాధానపరచుకున్నాడని. యోహాను 10:18 చెప్పేది నా ప్రాణం ఎవడూ తీసుకోడు, నేనే పెడుతున్నానని. నష్టపోయినవాడు ఎవరో, నష్టం తన మీద వేసుకున్నవాడూ ఆయనే.

మన వైపు నుంచి కూడా ఆయన పరాయివాడు కాదు. హెబ్రీ 7:22లో ఒక పాత తెలుగు మాట ఉంది, "పూటకాపు". అంటే జామీను పడ్డవాడు. ఆదికాండం 43:9లో తమ్ముడు బెన్యామీను కోసం అన్న యూదా పూటపడతాడు, 44:33లో మాట నిలబెట్టుకుని తమ్ముడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోమంటాడు. అన్న కాబట్టే ఆ మాటకు బలం. రోమా 5లో ఆదాము, క్రీస్తు చెరొక మనిషి జాతికి పెద్ద. రోమా 6లో విశ్వాసి ఆయనతో కూడా చచ్చాడు. "ఆయన చచ్చాడు, నేను బయట నిలబడి చూశాను" అని పౌలు ఎక్కడా అనడు. బెంచీ గారి "నిన్నటి హత్య"కు పౌలు జవాబు ఇదే. ఆ హంతకుడి మీద తీర్పు రద్దు కాలేదు, క్రీస్తులో అమలైంది, వాడు క్రీస్తులో ఉన్నాడు.

#11 కోర్టుహాలు_బెంచీ
ఇది నిలబడుతుంది. మూడో మనిషి జైలుకెళ్లడం వేరు, జామీనుదారు మీద బాధ్యత పడటం వేరు. జామీను కూడా డబ్బు దాకే అని పిల్లలు అంటారు, సిద్ధంగా ఉండండి. యూదా తన ఒంటినే పెట్టాడు కాబట్టి ఉదాహరణ కోర్టు నుంచి కాకుండా ఆ కథ నుంచే తీసుకోండి.

#12 పాతపుస్తకాల_బీరువా
చరిత్ర పక్క నుంచి, ఒక తప్పు అందరూ చెబుతుంటారు కాబట్టి. "యేసు మన శిక్ష అనుభవించాడని అన్సెల్మ్ చెప్పాడు" అంటారు. ఆయన అలా చెప్పలేదు. కాంటర్బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ 1098లో ముగించిన వాదన ఏమిటంటే: పాపం దేవుడి గౌరవానికి లోటు. దానికి రెండే దారులు, తృప్తి (ఆ లోటు పూడ్చడం) లేదా శిక్ష. క్రీస్తు తృప్తి చెల్లించాడు కాబట్టి శిక్ష తప్పింది. అంటే ఆయన దృష్టిలో సిలువ శిక్షకు ప్రత్యామ్నాయం, శిక్ష కాదు. శిక్షనే మోశాడనే వాదనను బిగించింది నాలుగు వందల ఏళ్ల తర్వాతి సంస్కర్తలు, ముఖ్యంగా కాల్విన్.

మీ లా పిల్లల రెండో ప్రశ్న కొత్తది కాదు. 1594లో అచ్చయిన ఇటలీ వేదాంతి సొసీనస్ పుస్తకం అదే అడిగింది: డబ్బు బాకీ బదిలీ అవుతుంది, శిక్ష బదిలీ కాదు. పైగా బాకీ పూర్తిగా చెల్లిపోతే ఇక క్షమించిందేమిటి? 1617లో జవాబు రాసినవాడు హ్యూగో గ్రోషియస్, వృత్తిరీత్యా న్యాయవాది. దేవుణ్ణి అప్పిచ్చినవాడిగా చూడకండి, పాలకుడిగా చూడండి అన్నాడు. పాలకుడు చట్టం విలువ పోకుండా సడలించవచ్చు. ఆ జవాబులో చట్టం నిలుస్తుంది గానీ, సిలువ ఒక హెచ్చరిక బోర్డులా మారిపోతుందని నాకు అనిపిస్తుంది.

తూర్పు సంఘాల పెద్దలకు కోర్టు మీద అంత మోజు లేదు. వాళ్లకు చావు, సాతాను, చెర ముఖ్యం. మార్కు 10:45 "విమోచన క్రయధనము" చదివి, ఆ సొమ్ము ఎవరికి కట్టారని తలలు పట్టుకున్నారు. సాతానుకు అన్నాడు నిస్సాకు చెందిన గ్రెగొరీ. దొంగకు సొమ్ము కట్టడమేమిటని కొట్టిపారేశాడు నజియాంజుకు చెందిన గ్రెగొరీ. తండ్రికి కూడా కాదన్నాడు, మనల్ని చెరబట్టింది తండ్రి కాదు కదా.

#13 హల్లెలూయ_బ్రదర్
ప్రైజ్ ద లార్డ్. ఇన్ని గ్రెగొరీలు ఎందుకు బ్రదర్స్? యేసు రక్తం ప్రతి పాపాన్నీ కడుగుతుంది, అంతే. బాధితులకు చెప్పాల్సింది కూడా అదే. మత్తయి 18 చదవండి, రాజు పదివేల తలాంతులు వదిలేశాడు, నువ్వు నూరు దేనారాలు వదల్లేవా? దేవుడు క్షమించాక పాత కేసులు తవ్వడం విశ్వాసం కాదు.

#14 లెక్కల_మేష్టారు
బ్రదర్ గారూ, ఆ లెక్క పూర్తిగా చేద్దాం. తలాంతుకు 6,000 దేనారాలు. పదివేల తలాంతులు అంటే 6 కోట్ల దేనారాలు. మత్తయి 20:2 ప్రకారం దేనారం రోజు కూలి. ఏడాదికి 300 పనిరోజులు వేసుకున్నా 2 లక్షల ఏళ్ల కూలి. నూరు దేనారాలు అదే లెక్కన నాలుగు నెలల కూలి. నిష్పత్తి 6 లక్షలకు ఒకటి. ఇంతవరకు మీ పక్షమే.

కానీ ఆ కథలో రాజు వదిలింది ఎవరి డబ్బు? తన డబ్బు. పక్కవాడి డబ్బు వదిలేసి దయగలవాడనిపించుకోలేదు. ఇంకొకటి, నూరు దేనారాలు చిల్లర కాదు, నాలుగు నెలల కూలి. ప్రభువు దాన్ని సున్నా అనలేదు. అదే అధ్యాయంలో పైన 15 నుంచి 17 వచనాలు చూడండి: ఒంటరిగా వెళ్లి తప్పు చూపించు, వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులతో, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. తవ్వొద్దని కాదు, తవ్వే పద్ధతి చెప్పాడు.

#15 కోర్టుహాలు_బెంచీ
"పాత కేసులు తవ్వడం విశ్వాసం కాదు" అన్న మాట దగ్గర ఆగాలి, సంఘాల్లో ఎక్కువ హాని జరిగేది అక్కడే.

1999 జనవరి 22 రాత్రి ఒడిశా మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని జీపులో తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించానని బహిరంగంగా చెప్పింది. దానితో కేసు ఆగలేదు. 2003లో కింది కోర్టు ముఖ్య నిందితుడు దారాసింగ్‌కు మరణశిక్ష వేసింది, 2005లో హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆమె క్షమాపణ తన గుండెలోని పగ గురించి. కేసు రోమా 13:4 చెప్పే ఖడ్గం గురించి. రోమా 12:19లో పగ తీర్చుకోవద్దని చెప్పిన పౌలే ఆరు వచనాల తర్వాత అధికారి ఊరకే ఖడ్గం ధరించడని అన్నాడు. ఒకటి మన చేతిలోంచి తీసి ఇంకొకరి చేతిలో పెట్టాడు. రెండూ ఒకే చేతిలో ఉన్నట్టు బోధిస్తే బాధితుడి నోరు మూయించడమే అవుతుంది.

పిల్లల మీద నేరాల సంగతైతే చర్చే లేదు. 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పాల్సిందే. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థకు బాధ్యుడైతే ఏడాది దాకా. "పెద్దల సమక్షంలో ఒప్పుకున్నాడు, ప్రార్థన చేశాం, అయిపోయింది" అనడానికి అక్కడ చోటు లేదు.

#16 వరంగల్_శ్రీసభ
పాపసంకీర్తనం (ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం) చేసి బయటికి రాగానే అంతా అయిపోయిందని మా వాళ్లలోనూ అనుకుంటారు. కతోలిక సత్యోపదేశం 1459వ పేరా వేరేగా చెబుతుంది: పాపవిమోచనం పాపాన్ని తీసేస్తుంది గానీ పాపం చేసిన గందరగోళాన్నంతా సరిచేయదు. దొంగిలించింది తిరిగివ్వాలి, పరువు తీసినవాడి పరువు నిలబెట్టాలి, గాయానికి పరిహారం కట్టాలి. చేయగలిగినంతా చేయాలి.

#17 మూలభాష
దానికి వేరు లేవీ 6:1-7. మోసం చేసి సొత్తు కాజేసినవాడు ముందు మూలధనం, దాని మీద అయిదోవంతు కలిపి సొత్తుదారుడికి ఇవ్వాలి. అదీ బలి తెచ్చే రోజునే. ఆ తర్వాతే పొట్టేలు. సంఘం డబ్బు 2 లక్షలు వాడుకున్న కోశాధికారిని లెక్కకు పెట్టుకుంటే 2,00,000కు అయిదోవంతు 40,000, మొత్తం 2,40,000 చేతిలో పెట్టి అప్పుడు బలిపీఠం దగ్గరికి. ఇది తనంతట తాను ఒప్పుకున్నవాడి రేటు. పట్టుబడిన దొంగకు నిర్గమ 22:1లో రేటు పెరుగుతుంది, అమ్మేసిన లేక చంపేసిన గొర్రెకు నాలుగు, ఎద్దుకు అయిదు. సుంకం వసూలు చేసే జక్కయ్య లూకా 19:8లో తనకు తానే దొంగ రేటు వేసుకున్నాడు, నాలుగంతలు. అయిదోవంతుతో సరిపెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు.

నష్టపోయినవాడు చనిపోతే? సంఖ్యా 5:8: దగ్గరి బంధువుకు. బంధువూ లేకపోతే యాజకుడికి. చచ్చాడు కదా అని బాకీ మాఫీ కాదు.

మత్తయి 5:23-24 దీనికి కొనసాగింపు. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సమాధానపడు. గలిలయలో వింటున్నవాడికి బలిపీఠం యెరూషలేములో, మూడు నాలుగు రోజుల నడక. వెనక్కి నడిచి, సమాధానపడి, మళ్లీ రావాలి. ప్రభువు ఆ ఖర్చు తెలిసే చెప్పాడు.

#18 హల్లెలూయ_బ్రదర్
క్రియల వలన రక్షణ అయిపోతోంది ఇది.

#19 మూలభాష
కాదు బ్రదర్. జక్కయ్య డబ్బు లెక్క చెప్పకముందే "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అని ప్రభువు అనేశాడు. నాలుగంతలు టికెట్ డబ్బు కాదు. అతిథి ఇంట్లో అడుగుపెట్టాక ఇంట్లో దాచిన పరాయి సొత్తు బయటికి వచ్చింది.

#20 పాతపుస్తకాల_బీరువా
సంచి గారికి గంటలో ఎలా పట్టించాలో చెప్పి నేను తప్పుకుంటాను. మొదట బోర్డు మీద ఎడమవైపు సామెతలు 17:15, కుడివైపు రోమా 4:5, ఏమీ వివరించకుండా రాసి పది నిమిషాలు పిల్లల్నే మాట్లాడనివ్వండి. తొందరపడి జవాబు చెప్పారో పాఠం అక్కడే చచ్చింది. తర్వాత రోమా 3:25-26, "ఉపేక్షించినందున" అనే మాట మీద ఆగండి, దావీదు పేరు అక్కడ తీయండి. లేవీ 16కు పావుగంట, మేకలు రెండని మర్చిపోవద్దు. మోషేను దేవుడు నిరాకరించడం, యూదా పూటకాపు పక్కపక్కన పెట్టండి, పాఠం బరువంతా ఇక్కడ. చివరి పావుగంట లేవీ 6కి, జక్కయ్యకి అట్టేపెట్టండి. చాలామంది ఇక్కడికి వచ్చేసరికి టైమైపోయిందని ప్రార్థన చేసేస్తారు, బాధితుడు మళ్లీ బయటే. చరిత్ర జోలికి పోవద్దు, అడిగితేనే గ్రోషియస్.

#21 గోదారి_గట్టు
దిక్కు తేడా అర్థమైంది, మూలభాష గారికి ధన్యవాదాలు. ఒప్పుకున్నానని కాదు. ఒకటే అడుగుతాను. అప్పు సంగతి సరే, అయిదోవంతు కలిపి ఇచ్చేయొచ్చు. ఊరియా ప్రాణం? దావీదు "నీకు, కేవలము నీకే" విరోధంగా పాపం చేశానన్నాడట కీర్తన 51లో. ఊరియాకు ఏమీ లేదా?

#22 కోర్టుహాలు_బెంచీ
చట్టంలోనూ హత్య రాజీకి వీల్లేని నేరం. క్షమించే హక్కున్నవాడు ఇక లేడు కూడా. ఇది నేను కూడా అడగాలనుకున్నదే.

#23 మూలభాష
కీర్తన 51:4ను ఊరియా లెక్కలో లేడని చదవకూడదు. రాజును విచారించే కోర్టు భూమ్మీద లేదు, తీర్పు చెప్పగలిగింది దేవుడొక్కడే అని దాని భావం. అయినా మీ ప్రశ్న అలాగే ఉంది, దావీదు చేతిలో దానికి జవాబు లేదు. ఊరియాకు తిరిగి ఇవ్వగలిగింది అతని దగ్గర ఏదీ లేదు. ప్రవక్త నాతాను "నీవు చావకుండునట్లు యెహోవా నీ పాపమును పరిహరించెను" అన్నాక కూడా ఇంట్లో కత్తి ఆగలేదు. బత్షెబకు పుట్టిన బిడ్డ, మరో ఇద్దరు కొడుకులు అమ్నోను, అబ్షాలోము పోయారు. అదంతా ఊరియాకు చెల్లింపు కాదు.

పుస్తకం ఒకటి చేసింది. 2 సమూయేలు 23లో దావీదు పరాక్రమశాలుల జాబితా ఉంది. చివరి పేరు హిత్తీయుడైన ఊరియా, ఆ తర్వాత "వీరందరు ముప్పది యేడుగురు" అని లెక్క కట్టేశారు. 1 రాజులు 15:5లో దావీదును మెచ్చుకుంటూనే "ఊరియా సంగతియందు తప్ప" అని అతికించారు. మత్తయి 1:6లో యేసు వంశావళి రాస్తూ తామారు, రాహాబు, రూతు పేర్లు రాసినవాడు బత్షెబ పేరు రాయలేదు. "ఊరియా భార్యగానుండిన ఆమె" అని రాశాడు. అప్పటికి దావీదు క్షమించబడి దాదాపు వెయ్యేళ్లు.

ఊరియా మళ్లీ లేచి నిలబడే రోజు ఉంటేనే ఆ మిగిలిన లెక్క తేలుతుంది. ప్రకటన 6:10లో బలిపీఠం కింద ఉన్న ఆత్మలు "యెందాక" అని అడుగుతున్నాయి, వాటికి అప్పుడిచ్చింది తెల్లని వస్త్రం, ఇంకా కొంచెం కాలం ఆగమన్న మాట.

#24 సందేహాల_సంచి
అయితే లేవీ 6 పావుగంటలో అయిదు నిమిషాలు కోసి మత్తయి 1:6కి ఇస్తున్నాను. బోర్డు మీద రోమా 4:5 కింద ఊరియా పేరు రాసి, క్లాసు అయ్యేదాకా చెరపను.